ఆమ్నెస్టీ వస్తే అకామా వస్తుందా? గల్ఫ్ ‘క్షమాభిక్ష’లో అసలు దొరికేది

క్లుప్తంగా: గల్ఫ్ దేశాలు కొన్నేళ్లకోసారి ప్రకటించే ఆమ్నెస్టీలో మాఫీ అయ్యేది ప్రధానంగా జరిమానా, జైలుశిక్ష. అక్కడే ఉండిపోవాలంటే కావలసిన అకామా, అంటే నివాస అనుమతి, కొత్త కఫీల్ (స్పాన్సర్ చేసే యజమాని) దొరికితేనే వస్తుంది. అమెరికా 1986లో, స్పెయిన్ 2005లో చేసిన క్రమబద్ధీకరణకూ దీనికీ అసలు తేడా ఇక్కడే ఉంది. మనుషుల చేతిలోంచి కాగితాలు జారిపోయే దారులు మూసుకోకపోవడంతో ఒక ఆమ్నెస్టీ ముగిసిన కొన్నేళ్లకే ఇంకొకటి అవసరమవుతోంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ‘కల్లివెల్లి’ అంటే ఏమిటని ఎవరూ అడగరు. అరబ్బీలో ‘ఖల్లీ వల్లీ’ అంటే ‘పోనీలే, వదిలెయ్’ అని. ఆ మాట వలస కార్మికుల నోట్లో నలిగి నలిగి, గల్ఫ్‌లో కాగితాల్లేకుండా బతికే మనిషికి పేరైపోయింది. ‘ఆయన కల్లివెల్లి అయిండట’ అంటే కంపెనీ నుంచి బయటపడ్డాడని, అకామా లేదని, పోలీసు కనిపిస్తే సందు మారుస్తాడని, ఇంట్లో పెళ్లయినా చావయినా రాలేడని అన్నీ ఒక్క మాటలో చెప్పినట్టే. కడప, రాయచోటి, కోనసీమ నుంచి కువైట్ వెళ్లినవారి ఇళ్లలోనూ పరిస్థితి ఇదే.

ఏదో ఒక గల్ఫ్ దేశం ఆమ్నెస్టీ ప్రకటించగానే మన పత్రికలు దాన్ని ‘క్షమాభిక్ష’ అని రాస్తాయి. ఆ పదం చూసి ఒకరు ‘ఇక కాగితాలు ఇచ్చేస్తారు, అక్కడే ఉండొచ్చు’ అనుకుంటారు. మరొకరు ‘వెళితే పట్టుకుని లోపలేస్తారు’ అని భయపడి గదిలోంచి కదలరు. ఈ రెండు అపోహలకూ కారణం ఒకటే. తప్పును క్షమించడం, హోదా ఇవ్వడం వేర్వేరు పనులు. గల్ఫ్ ప్రభుత్వాలు మొదటిది చేస్తాయి. రెండోది చాలావరకు యజమానికే వదిలేస్తాయి.

కాగితాలు ఎలా పోతాయి

‘అక్రమ వలసదారు’ అనగానే రాత్రిపూట సరిహద్దు కంచె దాటే మనిషి గుర్తొస్తాడు. గల్ఫ్‌లోని తెలుగువారికి ఈ బొమ్మ పెద్దగా సరిపోదు. వారిలో అత్యధికులు వీసా చేతిలో పెట్టుకుని, శంషాబాద్‌లోనో ముంబైలోనో ఇమిగ్రేషన్ ముద్ర వేయించుకుని, సక్రమంగా దిగినవారే. అక్రమం అయ్యేది దిగిన తర్వాత.

దీని మూలం కఫాలా పద్ధతిలో ఉంది. విదేశీ కార్మికుడికి దేశంలో ఉండే హక్కు అతని పేరు మీద ఉన్నట్టు కార్డులో కనిపిస్తుంది గానీ, ఆ హక్కు నిలబడేది కఫీల్ మీద, అంటే స్పాన్సర్ చేసిన యజమాని మీద. అకామా రెన్యువల్ చేయించాల్సింది అతను. ఫీజు కట్టాల్సింది కూడా అతనే. కంపెనీ దివాలా తీసినా, యజమాని బద్ధకించినా, గొడవపడినా దాని ఫలితం కార్మికుడి కార్డు మీద పడుతుంది. 2016లో సౌదీలో పెద్ద నిర్మాణ కంపెనీలు నెలల తరబడి జీతాలు ఆపినప్పుడు వేలమంది భారతీయులు లేబర్ క్యాంపుల్లో కూర్చుండగానే అకామాలు చెల్లకుండా పోయాయి. కూర్చున్న చోటి నుంచి కదలకుండానే వాళ్లు చట్టం కళ్లలో అక్రమ నివాసులయ్యారు. ఆ తర్వాత సౌదీ ప్రభుత్వం ప్రతి విదేశీ కార్మికుడి మీదా యజమాని కట్టాల్సిన నెలవారీ సుంకాన్ని పెంచుకుంటూ పోయింది. 2018లో 400 రియాళ్లతో మొదలై 2020 నాటికి 800 వరకు చేరింది. ఆ భారాన్ని కార్మికుడి నెత్తిన వేసే కఫీళ్లు చాలామంది. కట్టలేకపోతే రెన్యువల్ ఉండదు.

ఇక ఆజాద్ వీసా. చట్టంలో ఈ పేరుతో ఏ వీసా లేదు. కానీ మన ఊళ్లలో అందరికీ తెలిసిన వీసా ఇదే. ఒక కఫీల్‌కు చిన్న దుకాణం లైసెన్సు ఉంటుంది, దాని మీద అయిదుగురిని పెట్టుకునే కోటా ఉంటుంది. దుకాణానికి కావలసింది ఒక్కడే. మిగిలిన నాలుగు వీసాలు ఒక ఏజెంటు నుంచి ఇంకో ఏజెంటుకు చేతులు మారి, ప్రతిచోటా కొంత పెరిగి, చివరకు అప్పు చేసి కొనేవాడి దగ్గరికి వస్తాయి. ‘ఎక్కడైనా పని చేసుకో, ఏడాదికింత నాకియ్యి’ అన్నది నోటి ఒప్పందం. కాగితం మీద అతను దుకాణంలో సేల్స్‌మన్. నిజానికి వేరే ఊళ్లో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. అకామా చెల్లుతున్నా కార్మిక చట్టం ప్రకారం మొదటి రోజు నుంచే అది ఉల్లంఘన. రెండో ఏడాది కఫీల్ రేటు పెంచుతాడు. మాటామాటా పెరుగుతుంది. కఫీల్ ఆన్‌లైన్‌లో ‘పనికి రావడం లేదు, పారిపోయాడు’ అని నమోదు చేస్తాడు. సౌదీలో దీన్నే ‘హురూబ్’ అంటారు. ఆ సంగతి చాలాసార్లు కార్మికుడికి ఆ రోజు తెలియదు. బ్యాంకులో కార్డు పనిచేయనప్పుడో, చెక్‌పోస్టు దగ్గర పోలీసు నంబరు కొట్టి చూసినప్పుడో తెలుస్తుంది.

కువైట్‌లో దారి ఇంకోలా ఉంటుంది. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లది, ఇంటి డ్రైవర్లది ఆర్టికల్ 20 కింద వచ్చే వీసా. వాడుకలో ఖాదిం వీసా. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, ఆ ఇంటి గేటు దాటి వచ్చేస్తే ‘పరారీ’ కేసు పడుతుంది. పాస్‌పోర్టు లోపల బీరువాలోనే ఉండిపోతుంది. బయటికొచ్చిన మనిషి తెలిసినవారి గదిలో తలదాచుకుని గంటల లెక్కన ఇళ్లలో పనిచేయడం మొదలుపెడుతుంది. అక్కడినుంచి గడిచే ప్రతి రోజుకూ జరిమానా పెరుగుతూ ఉంటుంది.

విజిట్ వీసా మీద వెళ్లి ఉండిపోయేవారు, అక్కడే పుట్టి ఏ పత్రమూ లేని పిల్లలు, అసలు దొంగదారిన వచ్చినవారు కూడా ఉన్నారు. తెలుగువారిలో చివరి రకం తక్కువ.

జరిమానా ఎలా కాళ్లకు బంధమవుతుంది

యూఏఈలో గడువు మీరిన ప్రతి రోజుకూ 50 దిర్హాములు. ఏడాదికి 18,250. హెల్పర్ పనికి నెలకు 1,000 నుంచి 1,200 దిర్హాములు వచ్చేవాడికి ఏడాది మొత్తం జీతం 14,400 దాటదు. అంటే తినకుండా, ఇంటికి పంపకుండా పైసా పైసా దాచినా ఆ ఏడాది జరిమానాకు సరిపోదు. మన లెక్కలో అది నాలుగు లక్షల రూపాయల పైమాట. మూడేళ్లయితే పన్నెండు లక్షలు దాటుతుంది. ఇంటికి వెళ్లాలని ఉన్నా, విమానాశ్రయంలో ఆ మొత్తం కట్టనిదే బయటపడలేడు. దేశం విడిచి వెళ్లమని చెప్పే చట్టమే వెళ్లకుండా పట్టి ఉంచుతుంది.

కువైట్‌లో పాత నిబంధన ప్రకారం రోజుకు 2 దినార్లు, గరిష్ఠంగా 600. అంటే 300 రోజుల తర్వాత మీటర్ ఆగిపోతుంది. 301వ రోజు నుంచి ఎన్నేళ్లున్నా అదనపు ఖర్చు లేదు. ఇంటిపనివారి కనీస వేతనాన్ని కువైట్ 2016లో 60 దినార్లుగా నిర్ణయించింది. ఆ లెక్కన 600 అంటే పది నెలల జీతం. ఒక దేశంలో పరిమితి లేకపోవడం, మరో దేశంలో పరిమితి ఉండటం రెండూ ఒకే చోటికి చేర్చాయి: ఎలాగూ కట్టలేం, ఎలాగూ పెరగదు, ఇంకో ఏడాది సంపాదించుకుందాం. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త నివాస చట్టంతో కువైట్ ఈ గరిష్ఠ జరిమానాను ఇంటిపనివారు కాని కార్మికులకు 1,200 దినార్లకు పెంచింది. దానివల్ల ఎక్కువమంది ముందే బయటపడతారా, లేక అప్పు రెట్టింపై మరింత లోతుకు కూరుకుపోతారా అన్నదానికి పై లెక్కే చాలావరకు జవాబు చెబుతుంది.

ఆమ్నెస్టీ చేసే మొట్టమొదటి పని ఈ మీటర్‌ను సున్నాకు తిప్పడం. దాని విలువ తక్కువది కాదు. పదేళ్లుగా తల్లి ముఖం చూడని మనిషికి అదే పెద్ద వరం. కానీ అక్కడితో అది ఇచ్చేది దాదాపు అయిపోతుంది.

అల్ అవీర్ టెంట్లలో

యూఏఈ 2024 సెప్టెంబర్ 1న ప్రారంభించిన ఆమ్నెస్టీ ఈ తీరును దగ్గర నుంచి చూపిస్తుంది. రెండు నెలల కోసం మొదలై డిసెంబర్ 31 దాకా పొడిగించారు. దుబాయ్‌లో అల్ అవీర్ దగ్గర పెద్ద టెంట్లు వేశారు. వచ్చినవారికి ముందు రెండు దారులు: వెళ్లిపోతావా, ఉంటావా?

వెళ్లిపోతానంటే వేలిముద్రలు తీసుకుంటారు, ఎగ్జిట్ పర్మిట్ ఇస్తారు. జరిమానా లేదు, తిరిగి రాకుండా నిషేధం లేదు. మొదట 14 రోజుల్లో విమానం ఎక్కాలన్నారు, తర్వాత ఆ గడువును ఆమ్నెస్టీ చివరి దాకా పెంచారు. ఉంటానంటే మాత్రం చేతిలో ఒక కాగితం ఉండాలి. అది కొత్త యజమాని ఇచ్చే ఉద్యోగ ఆఫర్. అది లేనివారి కోసం అల్ అవీర్‌లోనే కొన్ని కంపెనీలు కూర్చుని అక్కడికక్కడ ఇంటర్వ్యూలు చేశాయి. 2018 ఆమ్నెస్టీలో అయితే ఉద్యోగం వెతుక్కోవడానికి ఆరు నెలల తాత్కాలిక వీసా కూడా ఇచ్చారు. గల్ఫ్‌లో ఇలా యజమాని లేకుండా మనిషికి నేరుగా గడువు ఇవ్వడం అరుదు.

దుబాయ్ అధికారుల లెక్క ప్రకారం 2024లో అక్కడ ఈ అవకాశాన్ని వాడుకున్నవారు సుమారు 2 లక్షల 36 వేలు. వారిలో ఎగ్జిట్ పర్మిట్ తీసుకున్నవారు 55 వేల చిల్లర. అంటే ఎక్కువమంది ఉండిపోయారు. ఈ అంకె చూసి ‘క్షమాభిక్షలో కాగితాలు ఇస్తారు’ అనే మాట నిజమేనని అనిపించవచ్చు. కొంతవరకు నిజమే. కానీ ఉండిపోయినవారికి ప్రభుత్వం చేసింది పాత లెక్క కొట్టేయడం. రెసిడెన్సీ వచ్చింది మళ్లీ ఒక స్పాన్సర్ మీదే. ఆ స్పాన్సర్ వచ్చే ఏడాది రెన్యువల్ చేయకపోతే కథ మొదటికొస్తుంది.

భారతీయుల వైపు నుంచి చూస్తే బొమ్మ కొంచెం వేరుగా ఉంటుంది. దుబాయ్‌లోని భారత కాన్సులేట్ సాయం కోరినవారు 15 వేలకు పైగా. వారికి కాన్సులేట్ ఇచ్చిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్లు 3,500 పైచిలుకు, పాస్‌పోర్టులు 2,100 పైచిలుకు. ఎమర్జెన్సీ సర్టిఫికెట్, అంటే మనవాళ్లు ఔట్‌పాస్ అనేది, ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది. దాన్ని తీసుకున్నవారు ఇంటికొచ్చేవారే. పాస్‌పోర్టు జేబులోనే ఉండి ఉద్యోగం మారినవారికి కాన్సులేట్‌తో పని పడదు గనుక ఈ అంకెలతో మొత్తం భారతీయుల సంగతి తేల్చలేం. అయితే పాస్‌పోర్టు కూడా పోగొట్టుకున్న అట్టడుగు కార్మికుల్లో ఇంటిదారి పట్టినవారే ఎక్కువని మాత్రం తెలుస్తుంది.

ఈ ఆమ్నెస్టీ వర్తించనివారు కూడా ఉన్నారు. దేశంలోకి దొంగదారిన వచ్చినవారికి, ఇదివరకే డిపోర్ట్ అయినవారికి, 2024 సెప్టెంబర్ 1 తర్వాత ఉల్లంఘనలో పడ్డవారికి లేదు. చెక్ బౌన్స్, బ్యాంకు అప్పు, పోలీసు కేసు వల్ల ప్రయాణ నిషేధం ఉన్నవారు ముందు ఆ కేసు తేల్చుకోవాలి. కల్లివెల్లి జీవితంలో సిమ్ కార్డు, గది అద్దె, చిట్టీ పేర్ల మీద పడే చిన్న కేసులే ఈ దశలో పెద్ద గోడలవుతాయి.

కువైట్‌లో రెండు రేట్లు

కువైట్ 2024 మార్చి 17 నుంచి జూన్ 17 వరకు, ఆపై జూన్ 30 దాకా ఇచ్చిన గడువులో తేడాను ఇంకా స్పష్టంగా పెట్టింది. వెళ్లిపోయేవాడికి జరిమానా పూర్తిగా మాఫీ, కొత్త వీసాతో తిరిగి రావచ్చు. ఉండాలనుకునేవాడు మాత్రం గరిష్ఠంగా 600 దినార్ల వరకు జరిమానా కట్టి, కఫీల్‌ను చూపించి అకామా వేయించుకోవాలి. వెళ్లడం ఉచితం, ఉండటానికి వెల. ప్రభుత్వం ఏది కోరుకుంటుందో ఆ రేట్లే చెబుతాయి.

ఆ కోరిక కొత్తది కాదు. దేశ జనాభాలో 70 శాతంగా ఉన్న విదేశీయులను 30 శాతానికి తగ్గించాలని 2020 జూన్‌లో అప్పటి ప్రధాని షేక్ సబా అల్ ఖాలిద్ బహిరంగంగానే చెప్పారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కువైట్ ఇచ్చిన ఆమ్నెస్టీలో విమాన టికెట్టు కూడా ప్రభుత్వమే పెట్టుకుంటానంది. ఒక్కో దేశం వారికి కొన్ని రోజులు కేటాయించారు, భారతీయులకు 16 నుంచి 20 వరకు. ఆ రోజుల్లో భారత్ కోవిడ్ కారణంగా అంతర్జాతీయ విమానాలను ఆపేసి ఉంది. పేరు నమోదు చేసుకుని, ఉన్న గదిని ఖాళీ చేసి వచ్చిన కడప, గోదావరి జిల్లాల వాళ్లు తాత్కాలిక శిబిరాల్లో వారాల తరబడి ఇరుక్కుపోయారు. ఒక దేశం తలుపు తెరిస్తే సరిపోదని, రెండో దేశం తలుపు కూడా అదే సమయంలో తెరిచి ఉండాలని అప్పుడు తేలింది.

2024 ఆమ్నెస్టీ ముగిసిన రెండు వారాలకే కువైట్ చేసిన ఇంకో మార్పు మన దగ్గర పెద్దగా చర్చకు రాలేదు గానీ, అది ఆమ్నెస్టీ కన్నా ముఖ్యమైనదేమో. జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 వరకు ఖాదిం వీసా నుంచి కంపెనీల ఆర్టికల్ 18 వీసాకు, అంటే షూన్‌కు, మారే వీలు ఇచ్చింది. ఏడాది పని చేసి ఉండాలి, 50 దినార్లు ఫీజు కట్టాలి, యజమాని ఒప్పుకోవాలి. ఇంటి డ్రైవర్ పని మీద వచ్చి హోటల్లో పనిచేస్తున్నవాడు పారిపోకుండానే సక్రమం కావడానికి అదొక కిటికీ. ‘యజమాని ఒప్పుకోవాలి’ అన్న చివరి షరతు దాన్ని ఇరుకు చేసింది.

సౌదీ 2013: వేరుగా నిలిచిన ప్రయోగం

కఫీల్ ఒప్పుకోలు లేకుండా పని మారనిస్తే ఏమవుతుందో సౌదీ ఒకసారి చూపించింది. స్థానికులకు ఎన్ని ఉద్యోగాలు ఇచ్చాయన్నదాన్ని బట్టి కంపెనీలను ఎరుపు (తక్కువ ఇచ్చినవి), పసుపు, ఆకుపచ్చ వంటి రంగులుగా విడదీసే నితాఖత్ పథకాన్ని గట్టిగా అమలు చేస్తూ, 2013 ఏప్రిల్ 6 నుంచి జూలై 3 వరకు, తర్వాత నవంబర్ 3 దాకా గడువు ఇచ్చింది. ఎరుపు కంపెనీల్లో ఉన్నవారు యజమాని సంతకం లేకుండానే వేరే కంపెనీకి మారవచ్చు. అంతకుముందు హురూబ్ పడినవారికీ మార్పు దారి తెరిచారు. పనిపేరు మార్చుకోవడానికి ఫీజులు ఎత్తేశారు.

ఫలితం: భారతీయుల్లో 14 లక్షల మంది దాకా ఈ వెసులుబాట్లలో ఏదో ఒకటి వాడుకుని హోదా సరిచేసుకున్నారు. ఫైనల్ ఎగ్జిట్ తీసుకుని ఇల్లు చేరినవారు లక్షకు పైగా. దాదాపు పది మందికి ఒకరు. తలుపు తాళంచెవి కఫీల్ చేతిలోంచి కాసేపు తీసేస్తే ఎంతమంది సక్రమం కాగలరో ఈ నిష్పత్తి చెబుతుంది. మరుసటి రోజు నుంచి దాడులు మొదలయ్యాయి. కొన్ని నెలల్లోనే లక్షన్నర మందికి పైగా ఇథియోపియన్లను తిప్పి పంపారు.

2017 మార్చి 29న ‘ఉల్లంఘనులు లేని దేశం’ పేరుతో సౌదీ మళ్లీ 90 రోజుల గడువు ఇచ్చినప్పుడు ఆ తలుపు లేదు. అది పూర్తిగా ఇంటికి పంపే కార్యక్రమం. దాని ఆకర్షణ వేలిముద్రల్లో ఉంది. మామూలుగా తర్హీల్ నుంచి, అంటే డిపోర్టేషన్ కేంద్రం నుంచి, పంపిస్తే ‘ఫింగర్ పడుతుంది’, మళ్లీ సౌదీలో అడుగుపెట్టలేరు. ఆ గడువులో స్వచ్ఛందంగా వెళ్లినవారికి ఆ నిషేధం ఉండదన్నారు.

బహ్రెయిన్ ఇంకో ప్రయోగం చేసింది. 2017లో తెచ్చిన ఫ్లెక్సీ పర్మిట్‌తో, అకామా పోయిన కార్మికుడు తనకు తానే కఫీల్ కావచ్చు. నెలనెలా 30 దినార్లతో పాటు ఇతర ఫీజులూ కట్టుకోవాలి. పారిపోయినట్టు కేసున్నవారికి వర్తించలేదు, ఫీజులు ఎక్కువన్న విమర్శ కూడా వచ్చింది. అయినా గల్ఫ్‌లో యజమాని పేరు లేని అరుదైన వర్క్ పర్మిట్ అది. ‘వీళ్లు మా వ్యాపారాలకు పోటీ’ అని స్థానిక వ్యాపారుల నుంచి వ్యతిరేకత పెరగడంతో 2022 అక్టోబర్‌లో దాన్ని ఎత్తేసి, వేరే నమోదు పద్ధతి తెచ్చారు.

అమెరికా, స్పెయిన్ ఇచ్చింది వేరే సరుకు

1986 నవంబర్ 6న అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టం కింద, 1982 జనవరి 1కి ముందు నుంచి అమెరికాలో ఉంటున్నట్టు రుజువు చూపినవారు, కొందరు వ్యవసాయ కూలీలు కలిపి సుమారు 27 లక్షల మంది శాశ్వత నివాసులయ్యారు. ఇక్కడ దరఖాస్తు పెట్టింది వలసదారుడే. అద్దె రసీదు, జీతం చీటీ, కరెంటు బిల్లు అతని సాక్ష్యాలు. యజమాని ఎవరన్నది ప్రశ్న కాదు. వచ్చిన హోదా గ్రీన్ కార్డు, దాని తర్వాత పౌరసత్వం.

అయినా ఆ చట్టాన్ని ఇవాళ విజయమని చెప్పేవారు తక్కువ. 2007 నాటికి అమెరికాలో కాగితాల్లేనివారు కోటీ 20 లక్షలకు చేరారని ప్యూ పరిశోధన సంస్థ అంచనా. అప్పటికే ఉన్నవారికి హోదా ఇచ్చారు గానీ, పొలాలకూ హోటళ్లకూ రేపు కావలసిన కూలీలు ఏ వీసా మీద రావాలో చట్టం చెప్పలేదు. యజమానులకు శిక్షలు పెట్టారు గానీ, కార్మికుడు చూపించిన కాగితం ‘అసలుదిలా కనిపిస్తే’ చాలన్నారు. ఆపై సరిహద్దు కట్టుదిట్టం కావడంతో, పంటకాలంలో వచ్చి తిరిగి వెళ్లే మెక్సికన్ కూలీలు మళ్లీ రాలేమన్న భయంతో వెళ్లడమే మానేశారు. అమెరికా చట్టంలోనే ‘రిజిస్ట్రీ’ అని ఇంకో పాత తలుపు ఉంది. ఒక తేదీకి ముందు నుంచి ఉంటున్నవారు గ్రీన్ కార్డు అడగవచ్చు. ఆ తేదీని 1986లో 1972 జనవరి 1గా పెట్టారు. అప్పుడు 14 ఏళ్ల నివాసం సరిపోయేది. తేదీని మళ్లీ జరపకపోవడంతో ఇప్పుడు అయిదు దశాబ్దాలు దాటాలి. తలుపు అలాగే ఉంది, దాని దాకా నడవగలిగేవాళ్లు లేరు.

చిన్నప్పుడే అమెరికా వచ్చి కాగితాల్లేకుండా ఉన్నవారి కోసం 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం తెచ్చిన డాకా పథకం గురించి తెలుగు కుటుంబాల్లో ఒక అపోహ ఉంది. అది హోదా ఇవ్వదు. రెండేళ్లపాటు డిపోర్ట్ చేయబోమన్న హామీ, పని అనుమతి మాత్రమే ఇస్తుంది. పైగా ఆ రోజుకు చట్టబద్ధ హోదా లేనివారికే అది వర్తిస్తుంది. హెచ్1బీ తల్లిదండ్రులతో సక్రమంగా వచ్చి, 21 ఏళ్లకు డిపెండెంట్ వీసా పోగొట్టుకునే మన పిల్లలకు అందుకే దానిలో చోటు లేదు.

స్పెయిన్ పద్ధతి గల్ఫ్‌కు కాస్త దగ్గరగా మొదలై దూరంగా వెళ్లింది. 2005 ఫిబ్రవరి 7 నుంచి మే 7 వరకు జరిగిన క్రమబద్ధీకరణలో దరఖాస్తు యజమానే పెట్టాలి, కనీసం ఆరు నెలల పని ఒప్పందం చూపాలి. వలసదారుడు 2004 ఆగస్టు 8కి ముందే స్థానిక మునిసిపాలిటీ జాబితాలో పేరు రాయించుకుని ఉండాలి. సుమారు 6 లక్షల 90 వేల దరఖాస్తులొస్తే 5 లక్షల 70 వేలకు పైగా ఆమోదించారు. యజమానితో మొదలైనా, కార్డు రెన్యువల్ అవుతూ అయిదేళ్లకు దీర్ఘకాల నివాసంగా మారుతుంది. అప్పుడు ఆ యజమాని ఉన్నా లేకున్నా ఒకటే. ఖజానాకూ లాభం కలిగింది. సామాజిక భద్రత చందాల రాబడి సక్రమమైన ఒక్కో కార్మికుడి లెక్కన ఏటా సుమారు 4 వేల యూరోలు పెరిగిందని తర్వాతి పరిశోధన తేల్చింది.

స్పెయిన్‌లో అంతకన్నా ముఖ్యమైనది ‘అరాయిగో’. అంటే వేళ్లూనుకోవడం. కొన్నేళ్లు ఉండి, పని, చదువు, కుటుంబం వంటి ఏదో ఒక బంధం చూపించినవారు ఎప్పుడైనా విడివిడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రభుత్వం గడువు ప్రకటించేదాకా ఆగనక్కర్లేదు. 2025 మే 20 నుంచి అమలైన కొత్త నిబంధనల్లో ఆ నివాస కాలాన్ని సాధారణంగా మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు.

గల్ఫ్‌లో అలా ఎందుకు జరగదు

యూరప్‌లో, అమెరికాలో క్రమబద్ధీకరణ చివర ఓటరు ఉంటాడు. అందుకే అక్కడ గొడవంతా రాజకీయ పార్టీల మధ్య. గల్ఫ్ దేశాల్లో ఆ చివర అసలు లేదు. యూఏఈ, ఖతార్ జనాభాలో సొంత పౌరులు పది పదిహేను శాతం మాత్రమే. విదేశీయుడు ఎన్నేళ్లున్నా పనికొచ్చిన అతిథే అన్నది అక్కడి వ్యవస్థకు పునాది. కాబట్టి హోదా అంటే ఎప్పుడూ ఒక ఉద్యోగానికి అతికిన తాత్కాలిక హోదాయే.

మరి ఆమ్నెస్టీ ఎందుకిస్తారు? పట్టుకుని, జైల్లో పెట్టి, తిండి పెట్టి, టికెట్టు కొని పంపడం కన్నా మనిషే నడిచొచ్చి తన టికెట్టు తానే కొనుక్కోవడం చవక. ఎవరు ఎక్కడ ఉన్నారో వేలిముద్రలతో సహా లెక్క దొరుకుతుంది. తర్వాత జరిగే దాడులకు ‘అవకాశం ఇచ్చాం కదా’ అన్న సమర్థన కూడా వస్తుంది. యూఏఈ 1996, 2003, 2007, 2012–13, 2018, 2024 సంవత్సరాల్లో ఇలా గడువులిచ్చింది. ఈ వరస చూసినవారు సహజంగానే తర్వాతిదాని కోసం ఎదురుచూస్తారు. ‘మళ్లా ఆమ్నెస్టీ పడ్డప్పుడు పోదాం తియ్’ అన్న మాట లేబర్ క్యాంపుల్లో కొత్తది కాదు.

గడువు ఉన్నా కదలనివారు ఎందుకు ఉంటారన్నది బయటివారికి అంతుపట్టదు. ఒక కారణం సంపాదనే. కంపెనీలో 1,000 దిర్హాములకు కట్టుబడినవాడు కల్లివెల్లిగా రోజుకూలీ లెక్కన, పని దొరికిన నెలల్లో, అంతకన్నా ఎక్కువ తెచ్చుకోగలడు. మరో కారణం ఊళ్లో ఉంది. వీసాకు తెచ్చిన అప్పు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీతో పెరుగుతూ ఉంటుంది. జరిమానాను దుబాయ్ ప్రభుత్వం మాఫీ చేస్తుంది గానీ ఊళ్లో షావుకారి దగ్గర ఆమ్నెస్టీ ఉండదు.

ఇంటివైపు దారి

పాస్‌పోర్టు లేనివారికి ఎంబసీ ఔట్‌పాస్ ఇవ్వాలంటే ముందు భారతీయుడేనని తేలాలి. పాత పాస్‌పోర్టు జిరాక్సు ఉంటే పని త్వరగా అవుతుంది. లేకపోతే ఊరి చిరునామా మీద పోలీసు విచారణ జరగాలి. ఆమ్నెస్టీ గడువు ఈలోగా తరిగిపోతుంది. వెళ్లేముందు పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ఇంట్లో ఒకరి ఫోన్‌లో ఉంచడం అన్న చిన్న పని ఇక్కడ నెలల ఆలస్యాన్ని తప్పిస్తుంది. టికెట్టుకు డబ్బులేనివారికి 2009లో ఏర్పడిన భారత సమాజ సంక్షేమ నిధి నుంచి ఎంబసీలు సాయం చేయగలవు. ఆ నిధికి సొమ్ము వచ్చేదే పాస్‌పోర్టు, వీసా సేవల మీద ప్రవాసుల నుంచి వసూలు చేసే రుసుముల నుంచి.

దిగిన తర్వాత పరిస్థితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కేరళలో ప్రవాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ విభాగం నోర్కా ద్వారా, కనీసం రెండేళ్లు విదేశాల్లో ఉండి తిరిగొచ్చినవారికి, సబ్సిడీతో వ్యాపార రుణాలిచ్చే పథకం ఏళ్లుగా నడుస్తోంది. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. ప్రాణాలతో, ఖాళీ చేతులతో వచ్చినవాడి అప్పు సంగతి అందులో లేదు. ‘నిషేధం లేదు, తిరిగి రావచ్చు’ అని ఎగ్జిట్ పర్మిట్‌తో పాటు ఇచ్చిన వెసులుబాటు ఇక్కడే వాడకంలోకి వస్తుంది. మళ్లీ వెళ్లాలంటే మళ్లీ వీసా కొనాలి. చాలాచోట్ల అమ్మేది అదే ఏజెంటు. చాలాసార్లు అది ఆజాద్ వీసాయే.

ఎగ్జిట్ పర్మిట్ తీసుకుని కూడా చివరి నిమిషంలో మనసు మార్చుకునేవారికి యూఏఈ 2024లో ఒక హెచ్చరిక చేసింది. గడువులోగా విమానం ఎక్కకపోతే ఆ పర్మిట్ రద్దవుతుంది. మాఫీ చేసిన పాత జరిమానాలన్నీ, మొదటి రోజు నుంచి, తిరిగి ఖాతాలో చేరతాయి.